మన్యపు ఆసుపత్రిలో పసికందులు

విశాఖపట్టణమునుండి పాడేరునకు సుమారు 110 కిలోమీటర్లు. చోడవరము దాటి మాడుగుల చేరువఱకు దారి చదునైనదే. ఇరువైపులను చెఱకు తోటలు, నడుమ నడుమ బెల్లము వండెడు పాకలు, కాగుచున్న పాకపు కమ్మని వాసన. మాడుగుల హల్వా పేరు వినని తెలుగు గృహిణి యరుదు. గోధుమపాలు, నేయి, పంచదార చేర్చి వండెడు ఆ హల్వాను పొట్లములు కట్టించుకొని కొండ యెక్కుట ప్రయాణికుల యాచారము, మేమును కట్టించుకొంటిమి. అచ్చటినుండి దారి మెలికలు తిరుగుచు పైకి లేచును. ఒకవైపు కొండ, రెండవవైపు లోయ. మలుపు దాటిన కొలదియు చలి హెచ్చుచుండ, మా వెంటనున్న వదినగారు శాలువమీద శాలువ కప్పుకొనుచు, క్రిందనే యుండిపోయిన బాగుండెడిదేమో యని రెండుమాఱులు పలికిరి.

మేము పోయినది మార్గశిరమాసము. పల్లపు చేలలో వలిసెలు పూచి నేలకు పసుపు పూసినట్లుండెను. కాఫీతోటలలో పండ్లు ఎఱ్ఱబారియుండెను. నీడకై పెంచిన సిల్వరు ఓకు చెట్లకు మిరియపు తీగెలు ప్రాకియుండెను. ప్రొద్దు బారెడెక్కిన గాని మంచు విడువదు. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుఠాణాపై బడినది ఈ మన్యముననే. 2022 ఏప్రిలులో ఆయన పేర జిల్లా యేర్పడగా పాడేరు దానికి ముఖ్యపట్టణమైనది. మోదకొండమ్మవారిని దర్శించుకొని, ఆ మధ్యాహ్నమే మఱి కొంత దూరము లోనికి బయలుదేరితిమి.

కొండలను చూచి పోవుటకు మాత్రమే మేము రాలేదు. మా చెల్లెలి కుమార్తె అచట నొక చిన్న సర్కారు ఆసుపత్రిలో నర్సు. 'పెద్దమ్మా, పుట్టిన బిడ్డల గదిలో మేమేమి చేయుచున్నామో యొకమాఱు వచ్చి చూడండి' అని రెండేండ్లుగా పిలుచుచున్నది. ఆ తల్లుల కష్టసుఖములు వ్రాయుచున్నాము గనుక ఊరి పేరు వ్రాయుట మర్యాద గాదని విడిచితిమి.

ఆసుపత్రి పెద్దది కాదు. ముందు వసారాలో రోగులతోపాటు వారి చుట్టములు, మోకాళ్లపై గడ్డములానించి కూర్చున్న ముసలివారు, చోళ్ల అంబలి తెచ్చిన సత్తు గిన్నెలు. లోపలి గది వాకిట చెప్పులు విడువవలెను. మోచేతులవఱకు సబ్బుతో కడుగుకొనవలెను. ఉంగరములు, గాజులు తీయవలెను. గాజులనగానే మా వదినగారు వెనుదీసిరి. సుమంగళి చేయి బోసిగా నుండరాదను శంక. 'అత్తయ్యా, గాజుల క్రింది మురికికి సబ్బు అందదు. ఇక్కడి నర్సులందఱము పెండ్లియైనవారమే. తీసి కొంగున ముడివేసికొనండి' అని మా పిల్ల నవ్వినది. ముడివేసికొని లోపలికి వచ్చిరి. ఆ గదిలోనికి పోవు రోగములు చాలవఱకు చేతులమీదనే పోవునని తరువాత తెలిసికొంటిమి.

లోపల నాలుగు బల్లలు. ఒక్కొక్క దానిపై వేడినిచ్చు కడ్డీలు గల యంత్రము, దీనిని వార్మరందురు. మన ప్రభుత్వపు ఏర్పాటులో ప్రతి కాన్పుగదిలోను బిడ్డకొక మూల యుండవలెను. దానికి పైమెట్టున ఇట్టి చిన్న గదులు. జిల్లా ఆసుపత్రులలో పెద్ద విభాగములు. ఈ చిన్న గదులకు వచ్చిన బిడ్డను నిలబెట్టుట, అవసరమైనచో పెద్ద ఆసుపత్రికి సురక్షితముగా పంపుట పని. నిలబెట్టుట యను మాట చిన్నదిగా దోచును. మేమున్న మూడు దినములలో దాని బరువు కొంత తెలిసినది.

మొదటి బల్లపై పందొమ్మిది దినముల ఆడుబిడ్డ. నెల ముందుగా పుట్టినది. ఇంటనున్న మూడేండ్ల అన్నకు జలుబు. వాడు చెల్లెలిని ముద్దాడినాడు. మూడవనాటికి బిడ్డ పాలు విడిచినది. ఆ తల్లి భాష ఆదివాసీ ఒడియా. మా పిల్ల ఆ భాష కొంత నేర్చినది గనుక అడిగి మాకు చెప్పినది. బిడ్డకు నిమిషమునకు 72 ఊపిరులు. అరువదికి మించినచో రోగమని యెంచవలెనట. ఊపిరి తీయునపుడెల్ల ప్రక్కటెముకల క్రింద చర్మము లోనికి గుంజుకొనుచుండెను. నడుమ నడుమ ఊపిరి యాగిపోవును. నర్సు అరికాలు తట్టగా మరల తీయును. ఆ యాగిన క్షణములలో గదిలోని వారందఱి ఊపిరియు నాగెడిది.

ఇది ఆర్.ఎస్.వి. యను వైరసువలె నున్నదని అచటి డాక్టరుగారు చెప్పిరి. పరీక్ష చేసి నిర్ధారించు సాధనము అచట లేదు, లక్షణములే యాధారము. ఈ వైరసును 1956లో మొదట చింపాంజీలయందు కనుగొనిరి. రెండేండ్లు నిండులోపల దాదాపు ప్రతి బిడ్డకును ఒకమాఱైనను ఇది సోకును. పెద్దవారికి ముక్కు కారి పోవు జలుబు. నెల నిండని బిడ్డకో, గోధుమగింజంతయు లేని ఊపిరిగొట్టములు వాచి, చీమిడితో పూడిపోవును. తల్లి రక్తమునుండి బిడ్డకు చేరవలసిన రక్షణ పదార్థములు కడపటి మాసములలోనే హెచ్చుగా చేరును. కాన ముందుగా పుట్టిన బిడ్డ ఆ కట్నము తక్కువగా తెచ్చుకొన్నదన్నమాట.

'దీనికి మందేమి?' అని వదినగారడిగిరి. ఈ వైరసును చంపుటకు సాధారణముగా వాడదగిన మందు లేదని డాక్టరుగారు నిర్మొగమాటముగా చెప్పిరి. గర్భిణికి వేయు టీకాకును, బిడ్డకు నేరుగా ఇచ్చు రక్షణ సూదిమందునకును 2023లో అమెరికాలో అనుమతి వచ్చినది. అవి ఈ కొండమీది గదికి చేరలేదు. రోగము పైకెక్కి, మూడు నాలుగు దినములు ఉధృతముగా నుండి, తనంత తానే దిగును. దిగువఱకు బిడ్డ అలసి ఊపిరి విడువకుండ చూచుటయే చికిత్స. ఆ మాట వినగానే మాకు నిరాశ కలిగినమాట నిజము. ఆ రాత్రి చూచిన పిమ్మట ఆ నిరాశ నిలువలేదు.

బిడ్డ పాదమునకు చిన్న ఎఱ్ఱ దీపము గల పట్టీ చుట్టియున్నది. రక్తములో ప్రాణవాయువు ఎంత యున్నదో ఆ వెలుగు చర్మముగుండ పోవు తీరును బట్టి లెక్కకట్టును. 1970ల మొదట జపానులో అవొయాగి యను ఇంజనీరు కనిపెట్టిన ఉపాయమిది. నూటికి 90కి తగ్గరాదు. అటులని నెలతక్కువ బిడ్డకు ప్రాణవాయువు మితిమీరి యిచ్చినచో కనుపాప వెనుకనున్న పొర చెడి చూపు పోవచ్చును. కాన 95 దాటకుండ చూతురు. ఔషధమునకువలె గాలికిని మోతాదున్నదని మాకు అచటనే తెలిసినది.

ముక్కున అమర్చిన సన్నని గొట్టములనుండి గాలియు ప్రాణవాయువును కలిసి పోవుచుండెను. ఆ గొట్టపు రెండవ కొన నీళ్ల సీసాలో మునిగి యున్నది. సీసాకు అంకెలు గీసియున్నవి. కొన అయిదు సెంటిమీటర్లు మునిగిన, అంత యొత్తిడి బిడ్డ ఊపిరితిత్తులలో నిలుచును. ఆ యొత్తిడి వలన వాచిన గొట్టములు మూసికొనిపోకుండ తెఱచియుండును. అంతియే యంత్రము. నీళ్లు బుడబుడమని ఉడుకు శబ్దము వచ్చుచుండినంతసేపు అంతయు సవ్యముగా నున్నట్లు. శబ్దము ఆగినచో గొట్టము ఎచ్చటనో ఊడినట్లు. మా పిల్ల ఇతర పనులు చేయుచున్నను చెవి ఆ సీసామీదనే యుంచెను. పొయ్యిమీది పాలను కనిపెట్టియుండు ఇల్లాలివలె నుండెను ఆ శ్రద్ధ.

పాలు త్రాగునపుడు ఊపిరి యాడదు గనుక నోటి పాలు మాన్పిరి. తల్లి గిన్నెలోనికి పాలు పిండి యిచ్చును. ముక్కునుండి పొట్టలోనికి వేసిన సన్నని గొట్టము ద్వారా మూడు గంటల కొకమాఱు పోయుదురు. సూదితో గ్రుచ్చి నెట్టరు. గొట్టమును ఎత్తి పట్టుకొందురు, పాలు తమంత తాము దిగును. డబ్బా పాలు ఆ గదిలోనికి రానీయరు. తల్లిపాలలో ఆహారముతోపాటు రక్షణ పదార్థములును ఉండును. పైగా కలుషితమైన సీసా యొక్కటి చాలును, ఒక రోగమునకు రెండవది తోడగుటకు.

ఇచట నొక సంగతి చెప్పవలసియున్నది. వైరసులను ఆంటీబయాటిక్ మందులు చంపవు. ఈ సంగతి చదువుకొన్న యిండ్లలో నందఱికిని తెలిసినదే. అయినను ఆ బిడ్డకు తొలినాడే రెండు విధములైన ఆంటీబయాటిక్ సూదిమందులు మొదలుపెట్టిరి. వదినగారు ఇదేమి వైపరీత్యమని యడిగిరి. నెల లోపు బిడ్డ పాలు త్రాగకున్నను, చల్లబడినను, మగతగా నున్నను, అది వైరసు వలననో, బాక్టీరియా వలననో కంటితో చూచి చెప్పగల వైద్యుడు లేడట. బాక్టీరియా రక్తమున వ్యాపించినచో గంటలలో ప్రాణము తీయును. కాన రెంటికిని సిద్ధపడి, రెండు మూడు దినములలో రక్తపరీక్షయు, బిడ్డ స్థితియు తెలిసిన పిమ్మట అనవసరమైనదానిని ఆపుదురు. ఆపుటకే ధైర్యము కావలెనని డాక్టరుగారు అనిరి. మాకు ఆయన మాటలన్నిటిలో నిది మిక్కిలి నచ్చినది.

ఆ రాత్రి పదకొండు దాటిన పిమ్మట కరెంటు పోయినది. కొండలలో గాలివాన వచ్చినను, చెట్టు కూలినను పోవుట మామూలట. జనరేటరు కదలించుటకు వాచ్‌మాన్ పరుగెత్తెను. అది దగ్గుచు దగ్గుచు లేవలేదు. వార్మరు చల్లారిపోయినది. బయట చలి యెముకలు కొఱుకుచుండెను. చీకటిలో మాకు వినబడుచున్నది ఆ నీళ్ల సీసా బుడబుడ మాత్రమే. అది ఇనుప సిలిండరు బలమున నడచుచున్నది గనుక దానికి కరెంటుతో పని లేకపోయెను. మా పిల్ల టార్చి వెలిగించి, తల్లిని కుర్చీలో వెనుకకు వాలునట్లు కూర్చుండబెట్టి, బిడ్డను గొట్టములతో సహా ఎత్తి ఆమె రొమ్ముల నడుమ, ఒంటికి ఒల్లు తగులునట్లు, నిలువుగా పడుకొనబెట్టి, నెత్తికి టోపీ తొడిగి, ఇద్దఱిని కలిపి చీరతో చుట్టి, పైన దుప్పటి కప్పినది. రెండు నిమిషముల పనియే. అరగంటకు బిడ్డ చంక క్రింద ఉష్ణమాపకము పెట్టి చూచిన, 36.8 డిగ్రీలు. ఉండవలసినది 36.5 మొదలు 37.5 వఱకు. వార్మరు లేని లోటు లేదు.

దీనిని కంగారూ విధానమందురు. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరమున ఎడ్గార్ రే అను వైద్యుడు, వేడిపెట్టెలు చాలక, తల్లుల ఒడినే పెట్టెలుగా చేసెను. పేదల ఆసుపత్రికి తగిన గతిలేని ఉపాయమని చాలకాలము పెద్ద వైద్యులు దానిని తేలికగా చూచిరి. 2021లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశోధనలో మన దేశముతో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశముల ఆసుపత్రులు పాల్గొన్నవి. పుట్టిన వెంటనే, బిడ్డ స్థిమితపడువఱకు వేచియుండక, తల్లి ఒడిని చేర్చిన బలహీన శిశువులలో మరణములు నాలుగింట నొకవంతు తగ్గినవని తేలినది. మన అమ్మమ్మలు బిడ్డను పొత్తిళ్లలో చుట్టి ప్రక్కన పడుకొనబెట్టుకొనిరి గదా యని వదినగారనిరి. పొత్తిళ్లలో చుట్టుట వేఱు, ఒంటికి ఒళ్లు తగులుట వేఱు. కాని ఆమె మాటలోను కొంత నిజమున్నది గనుక మేము వాదింపలేదు. తెల్లవాఱుజామున రెండు గంటల తరువాత దీపములు వెలిగినవి. తల్లి అటులనే నిదురపోయినది. బిడ్డ మఱి రెండుమాఱులే ఊపిరి నాపినది.

మఱునాడు ఉదయము చలి కాచుకొనుచు, మందులేని వైరసుల సంగతి విడిచి, మందున్న వాని సంగతి యడిగితిమి. అచట ప్రధానమైనది గడియారము. హెపటైటిస్ బి యను కాలేయరోగము తల్లినుండి కాన్పువేళ బిడ్డకు సోకినచో, నూటికి తొంబదిమందికి అది జీవితాంతము నిలిచిపోవును; పెద్దతనమున సోకినవారిలో నూటికి అయిదుగురికైనను నిలువదు. పుట్టిన 24 గంటలలో ఒక టీకా వేసినచో చాలవఱకు తప్పును. ఆ టీకా ఒకప్పుడు విదేశములనుండి వచ్చి బీదలకు అందని వెలలో నుండెను. 1997లో హైదరాబాదు నగరపు శాంతా బయోటెక్నిక్స్ వారు దానిని మన దేశములోనే తయారుచేసిన పిమ్మట వెల దిగినది. 2011 నాటికి దేశమంతట ప్రభుత్వ టీకాల పట్టికలో చేరినది. టీకా పెట్టెలో మంచుగడ్డకు అంటుకొని గడ్డకట్టినచో పనికిమాలిపోవును. ఎండకు మాత్రమే చెడునని తలంచు వారికిది వింతగా నుండును. మా పిల్ల ఆ పెట్టె ఉష్ణము దినమునకు రెండుమాఱులు వ్రాసికొనును.

హెచ్.ఐ.వి. యున్న తల్లికి పుట్టిన బిడ్డకును అటులనే. ఏ చికిత్సయు లేనిచో నూటికి పదునైదు మొదలు నలువదియైదుగురు బిడ్డలకు అది సోకును. తల్లి గర్భవతిగా నున్నప్పటినుండి మందులు మానక వేసికొని, బిడ్డకు పుట్టిన కొద్ది గంటలలోనే మందు మొదలుపెట్టి వారములపాటు పోసినచో, అయిదుగురికి లోపు. ఈ మందులు మన సర్కారు ఆసుపత్రులలో ఉచితము. కావలసినదెల్ల గర్భవతికి ముందుగా రక్తపరీక్ష. పరీక్షయనగానే అవమానమని తలంచు అత్తలు కొండమీదను గలరు, క్రిందను గలరు.

ఆటలమ్మ సంగతి అడిగితిమి. కాన్పునకు అయిదు దినములు ముందు మొదలు రెండు దినముల తరువాత వఱకు తల్లికి ఆటలమ్మ పోసినచో, ఆమె శరీరము రక్షణ పదార్థములను తయారుచేసి బిడ్డకు అందించులోపల బిడ్డ పుట్టును. వైరసు మాత్రము ముందే చేరియుండును. అట్టి బిడ్డలకు అది మిక్కిలి తీవ్రముగా వచ్చును. వెంటనే రక్షణ సూదిమందు, పొక్కులు కనబడిన ఎసైక్లోవిర్ మందు ఇవ్వవలెను. వేపమండలు గుమ్మమునకు కట్టుటకు మాకు ఆక్షేపణ లేదు. అమ్మవారు పోసినదని నర్సుకు చెప్పక దాచుట మాత్రము ఆ తల్లికి చేయు పూజ కాదు. చికున్‌గున్యా జ్వరమును ఇట్టిదే. 2005, 2006 సంవత్సరములలో మన అనంతపురము, కడప ప్రాంతములలో వేలకొలది జనులను మంచమెక్కించిన యీ జ్వరము కాన్పునాటికి తల్లికుండినచో సుమారు సగముమంది బిడ్డలకు సోకునని, అదే కాలమున రీయూనియన్ దీవిలో చూచిరి. బిడ్డ పుట్టినపుడు చక్కగనే యుండును. మూడవనాటినుండి వారములోపల జ్వరము, పాలు మానుట, ముట్టిన ఏడ్చుట మొదలగును. కాన జ్వరముతో కన్న తల్లిని, బిడ్డ బాగుగానే యున్నాడు గదా యని రెండవనాడే యింటికి పంపరు.

ఈ మాటలు సాగుచుండగా జీపు వచ్చి ఆగెను. దానిలో తొమ్మిది దినముల మగబిడ్డ. పల్లెకు దారి లేదు. ఊరివారు తల్లిని, బిడ్డను డోలీలో వాగు దాటించి, రోడ్డుమీదికి తెచ్చి, దొరికిన జీపునెక్కించిరి. ముందురాత్రినుండి బిడ్డకు ఒకవైపు చేయియు కాలును లయగా అదరుచున్నవి. దిష్టి తగిలినదని కొంతసేపు, గాలి సోకినదని కొంతసేపు గడచినది. పొట్టపై వాతలు పెట్టుదమని ఒక పెద్ద యనగా, ఆశా కార్యకర్త అడ్డుపడి తీసికొనివచ్చినది. ఆ యాశా నుదుట చెమట, కాళ్లకు బురద. ఆమె యేడవ దినపు చూపునకు వచ్చినపుడు బిడ్డ నెత్తిమీద నీటిపొక్కులు మూడు చూచి, రెండు దినములలో మరల వత్తునని చెప్పి పోయి, వచ్చినదట.

డాక్టరుగారు పొక్కులను చూచి మాటాడలేదు. తల్లి నోటివంక, తండ్రి నోటివంక, నాయనమ్మ నోటివంక చూచిరి. నాయనమ్మ పెదవి మూలను జ్వరపు పొక్కు మాని పక్కు కట్టియున్నది. హెర్పిస్ యను వైరసు. పెద్దవారికి పెదవిపై నాలుగునాళ్లు మండి పోవు చిన్న పొక్కే. ఎక్కువమంది బిడ్డలకు ఇది కాన్పుదారిలో తల్లినుండి సోకును. కొందఱికి ముద్దువలన సోకును. ఇచట నెట్లు వచ్చెనో ఎవరును రూఢిగా చెప్పలేరు. అడిగి ఆ ముసలామెను కుములజేయుట వలన ప్రయోజనము లేదని డాక్టరుగారు మాకు మెల్లగా చెప్పిరి. ఈ వైరసు శరీరమంతట వ్యాపించిన పసిబిడ్డలలో, చికిత్స లేనిచో నూటికి ఎనుబదిమందికి పైగా బ్రతుకరు. ఎసైక్లోవిర్ నరములోనికి ఎక్కించినచో చాలమంది బ్రతుకుదురు. మెదడునకు చేరినదానిలో ప్రాణము దక్కినను, ఆలస్యమైన కొలది బుద్ధికి, చూపునకు హాని హెచ్చును.

మందుల అలమారలో ఆ మందు సీసాలు రెండే యుండెను. ఫిట్సు ఆగుటకు మందిచ్చిరి. రక్తములో చక్కెర చూచి తక్కువగా నుండగా ద్రావణము ఎక్కించిరి. ఆంటీబయాటిక్ తొలి మోతాదు, ఎసైక్లోవిర్ తొలి మోతాదు వేసిరి. రుజువునకు వెన్నునీరు తీసి పరీక్ష చేయవలెను. అది విశాఖపట్టణముననే సాధ్యము. రుజువు వచ్చువఱకు మందు ఆపుట తగదు. సీసా తెఱచుటకు ముందు ఆ యువవైద్యుడు ఫోనులో విశాఖలోని పెద్దవైద్యులతో మాటాడెను. తరువాత నొక కాగితముపై ఏ మందు ఏ గంటకు ఎంత యిచ్చినది, మఱునటి మోతాదు ఎప్పుడు ఇవ్వవలసినది పెద్ద అక్షరములతో వ్రాసి తండ్రి చొక్కా జేబులో నుంచెను. మందు ఎనిమిది గంటల కొకమాఱు పడవలెను. దారిలో ఆలస్యమైన, ఆ గంట తప్పరాదు.

108 బండి మధ్యాహ్నము రెండు గంటలకు కదలినది. బిడ్డ తల్లి రొమ్ముపై చీరతో చుట్టబడియున్నాడు. ఘాటు దిగుటకే చాల సేపు పట్టును. మేము ఎక్కివచ్చునపుడు మలుపు మలుపునకు ఆగి లోయ యందము చూచిన దారియదే. రోగము బిడ్డ యొంటిలో నెంత యున్నదో, అంతటి భాగము ఆ దారిలో నున్నదని బండి మలుపు తిరుగువఱకు చూచుచు మాకు తోచినది. కాన్పు దినములు దగ్గఱపడిన గర్భిణులను ముందుగానే తెచ్చి ఆసుపత్రి చెంత నుంచుకొనుటకు మన్యమున వసతిగృహములు పెట్టిరి. అవి కొంత మేలు చేయుచున్నవి. కాని పుట్టిన బిడ్డ యింటికి పోయిన పిమ్మట ఆ దూరము మరల పుట్టును. దానిని తగ్గించుటకున్న మనిషి ఆశా కార్యకర్త యొక్కతె. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 దినములలో ఆరుమాఱులు ఆమె యింటికి పోయి చూడవలెను. మహారాష్ట్రమున గడ్చిరోలి మన్యములో బంగ్ దంపతులు గ్రామస్త్రీలకు శిక్షణయిచ్చి పసికందుల మరణములు తగ్గించి, 1999లో ఆ ఫలితములు లోకమునకు ప్రకటించిరి. 2011లో మన దేశపు పద్ధతి రూపుదాల్చినపుడు ఆ యనుభవమే దారి చూపినది.

సోదరీమణులారా, ఆశా ఆ పల్లెలో ఏమి చూచునో అది మన పట్టణపు మేడలలోను చూడదగినదే. పాలు మానుట, లేక మునుపటివలె చప్పరింపకుండుట, నిమిషమునకు అరువది దాటిన ఊపిరి, రొమ్ము క్రింద గుంజు, జ్వరము, లేక అరికాళ్లు పొట్ట చల్లబడుట, ముట్టిన గాని కదలకుండుట, ఫిట్సు, ఒంటిపై నీటిపొక్కులు. నెల లోపు బిడ్డకు వీనిలో ఏ యొక్కటి కనబడినను రేపటివఱకు ఆగవలదు. జ్వరమునకంటె చల్లబడుటయే యొక్కొక్కప్పుడు ముందు వచ్చునని మాకు అచటనే తెలిసినది.

మన పురిటిగది యాచారమును గూర్చి వదినగారును మేమును ఆ సాయంకాలము కొంత వాదించుకొంటిమి. బాలెంతను, బిడ్డను పదిదినములు ఎవరును ముట్టరాదనుట మైలయను కారణమున పుట్టినదే కావచ్చును. అయినను జలుబులవారిని, ఊరి చుట్టములను బిడ్డకు దూరముగా నుంచినది. ఇప్పుడు ఆ కట్టు సడలి, ఆసుపత్రి మంచముకడనే పదిమంది చుట్టములు బిడ్డను చేతులు మార్చుకొనుచు ఫోటోలు తీయించుకొనుచున్నారు. మైలను విడిచి కట్టును ఉంచుకొన్న బాగుండునని మా యభిప్రాయము. పురిటిగదిలోని కుంపటి పొగ, కిటికీలు మూసిన చీకటి మాత్రము తిరిగి రానక్కఱలేదు. పొగ పసి ఊపిరితిత్తులకు శత్రువు. మన్యపు ఇండ్లలో చలికి పొయ్యి ఆర్పుట కష్టము. బిడ్డను పొయ్యికి దూరముగా తల్లి ఒంటికి కట్టుకొనుమని మా పిల్ల ప్రతి తల్లికిని చెప్పి పంపుచున్నది.

మూడవనాటికి ఆడుబిడ్డ ఊపిరి నిమిషమునకు యేబదియారునకు దిగినది. సీసాలోని గొట్టమును ఒక్కొక్క సెంటిమీటరు పైకి తీయుచు వచ్చి, మధ్యాహ్నము తీసివేసిరి. సాయంకాలము రొమ్మునకు పెట్టగా నాలుగు గ్రుక్కలు చప్పరించి, అలసి నిదురపోయినది. నాలుగు గ్రుక్కలే యని మేమనుకొంటిమి గాని, ఆ తల్లి మా పిల్ల చేయి పట్టుకొని తన భాషలో ఏమో చెప్పినది. మా పిల్ల దానిని మాకు తెలుగున చెప్పలేదు.

మగబిడ్డ సంగతి తరువాత మా పిల్ల వ్రాసినది. విశాఖలో వెన్నునీటి పరీక్షలో రోగము రూఢియైనది. ఇరువదియొక్క దినములు ఎసైక్లోవిర్ నరములోనికి ఎక్కించిరి. ఫిట్సు ఆగినవి. వినికిడి, చూపు చక్కగానున్నట్లే యున్నవి గాని, నడక, మాట వచ్చువఱకు చూడవలెనట. రోగము మరల లేవకుండ ఆఱు మాసములపాటు దినమునకు మూడుమాఱులు నోట మందు పోయవలెను. ఆ పల్లెలో గడియారమున్న ఇల్లు లేదు. కోడికూతకు ఒకటి, పశువులు మేతనుండి మరలునపుడు ఒకటి, అందఱును పడుకొనునపుడు ఒకటి యని ఆశా చెప్పి, గోడపై బొగ్గుతో గీతలు గీయించినది. మొదటి సీసా సగమైనది. రెండవదానికై తండ్రి సంత దినమున కొండ దిగి వచ్చి పోయినాడట; మందు పోయుచున్నది నాయనమ్మయట.